నరహరి సార్ విరగని సంఖ్య

నరహరి సార్ దగ్గర ఎవరూ విరగ్గొట్టలేని సంఖ్య ఒకటి ఉందని నారాయణపేటలో చెప్పుకునేవారు. పది లక్షల మీద ఒకటి. దేనితో భాగించినా శేషం మిగులుతుందట. సార్ మూడేళ్లు కూర్చుని అన్నిటితో భాగించి చూశాడట. హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి, చూసి, నోరు మూసుకుని బస్సెక్కాడట. ఆ ప్రొఫెసర్ పేరు సార్‌కు కూడా తెలియదు.

ట్యూషన్ గది తలుపు మీద ఆ సంఖ్యను ఎర్ర రంగుతో రాయించి, కింద తన పేరు రాయించుకున్నాడు. సంఖ్య కన్నా పేరే పెద్దది. మనుషులను కూడా ఆయన అట్లాగే విడదీసేవాడు. తానేమో ప్రధాన సంఖ్య, ఎవరికీ లొంగడు. మగ్గాల వీధి వాళ్లంతా సంయుక్త సంఖ్యలు, ఎవరు పట్టుకున్నా ముక్కలవుతారు. ఈ మాట చెప్పి తానే నవ్వేవాడు. ఎదుటివాళ్లు నవ్వకపోతే మళ్లీ చెప్పేవాడు.

అఖిల తొమ్మిదో తరగతిలో బడి మాని మగ్గమెక్కి నాలుగేళ్లయింది. ఓపెన్ స్కూల్లో పది రాయాలని ఆమె కోరిక. ఫారానికి శనివారం ఆఖరు. ఆమె బాపు రాంచందర్ ఆమెను వెంటబెట్టుకుని, ఫారం నింపి పెట్టమని సార్‌ను అడగడానికి పోయాడు.

“గీ పిల్లకు లెక్కలెక్కడియి రాంచందర్? పోగులు లెక్కపెట్టుకొమ్మను, చాలు,” అన్నాడు సార్, ఆమె వైపు చూడకుండానే.

“జర ఒక్కసారి అడిగి చూడుండ్రి సార్.”

“అడుగుడెందుకు? తలుపు మీది లెక్కను విరగ్గొట్టుమను. గప్పుడు నా చేత్తోనే ఫారం నింపుత. పెండ్లి కట్నంల ఒకటెందుకు కలుపుతరు? విరగొద్దని! నూటొక్కటి విరగదు, వెయ్యిన్నొక్కటి విరగదు, నాది అసలే విరగదు.”

ఇంటికి వస్తూ బాపు మెల్లగా అన్నాడు: “సార్ కాదన్నడంటే ఇగ కాదు బిడ్డా.”

అఖిల మగ్గం మీద పోగు తెగి ఆగినప్పుడల్లా సుద్దముక్కతో గోడ మీద భాగహారం వేసింది. మొదట వెయ్యిన్నొక్కటి పట్టింది. అది ఏడుతోనే విరిగింది. ఆమెకు నవ్వొచ్చింది. ఇంత తేలికైంది కూడా చూడకుండానే అంత గొంతా!

పది లక్షల మీద ఒకటి మాత్రం మొండికేసింది. మూడుతో రెండు మిగిలింది. ఏడుతో, పదకొండుతో, పదమూడుతో కూడా రెండే. శుక్రవారం సాయంత్రానికి గోడ నిండింది. ప్రధాన సంఖ్యల్లో తొంభై ఏడు దాకా అయిపోయాయి. ఇంకొక్కటి చూసి లేద్దామనుకుంది.

శనివారం పొద్దున బాపుతో పోయి సార్ బోర్డు మీద ఆమె రాసింది. నూటొక్కటితో భాగిస్తే తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి. శేషం సున్నా.

“నూటొక్కటా? గది కట్నం! లెక్కనా అది?” అన్నాడు సార్. “ఎవరు చెప్పిండ్రు నీకు?”

“ఎవ్వరు చెప్పలే సార్. మీరు ఎందాక చూసిండ్రు?”

సార్ బీరువాలోంచి లావు నోట్‌బుక్ తీసి, ఆమె మొహం ముందు ఆడించి, బల్ల మీద పడేశాడు. రాంచందర్ దాన్ని తెరిచి చివరి దాకా తిప్పాడు. తర్వాత జేబులోంచి ఫారం తీసి సార్ ముందు పెట్టాడు.

“నింపుండ్రి సార్.”

నోట్‌బుక్‌లో లెక్కలు తొంభై తొమ్మిది దాకానే ఉన్నాయి.