నేను వేయని ముడి

నాకు అనుమానం ఎక్కువ. పాలు వాసన చూడందే పొయ్యి మీద పెట్టను. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీళ్లకు నాతో ఏం పని పడిందో అనుకుంటాను. మా ఆయన ఉన్న రోజుల్లో, "దేవుడు ఎదురొచ్చినా ఆధార్ కార్డు చూపీమంటావే నువ్వు" అని నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో ఇన్నేళ్లు ఒక్క మాట పడకుండా నెట్టుకొచ్చానంటే ఆ పాడు అనుమానమే కారణం.

మాది కడప జిల్లా. పనిచేసేది సౌదీలో, అభాలో. ఎడారి అనుకుని వచ్చినదాన్ని, కొండ మీద మంచులో దిగాను. ఇంటి యజమానిని బాబా అంటాను, ఆయన భార్యను మామా అంటాను. ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లమందరం ఇక్కడ అలాగే పిలుస్తాం. వంట మామా వాళ్లే చేసుకుంటారు. నా పని ముఖ్యంగా బాబా తల్లిని చూసుకోవడం. స్నానం చేయించాలి, తలకు నూనె పెట్టాలి, ఆమె గదిలోనే పడుకోవాలి. ఆమెను మాత్రం నేను తెలుగులోనే "అవ్వా" అని పిలుస్తాను. మొదట్లో వింతగా చూసేది, తర్వాత ఆ పిలుపు కాకపోతే పలికేది కాదు.

ఆ ఇంటి కొడుకు చదువు ముగించి పోలీసు ఉద్యోగానికి పెట్టుకున్నాడు. ఇంకా పిలుపు రాలేదు గానీ నడక అప్పుడే మారిపోయింది. ఈలోగా తనకంటూ ఒక రైఫిల్ కావాలని పట్టుబట్టాడు. సెలవు రోజున సరదాగా షూటింగ్ క్లబ్బులో కాల్చుకోవచ్చు, రేపు డ్యూటీలో చేరాక చేయి వణకదు, ఇదీ అతని వాదన. బాబాకు కొంచెం మనసుంది. మామాకు లేదు గానీ పైకి చెప్పలేదు. రాత్రీ పగలూ ఫోన్‌లో తుపాకుల బొమ్మలే. ఖహ్వా, అంటే వాళ్ల అరబ్బీ కాఫీ, పోయడానికి వెళ్తే తండ్రీ కొడుకులు తలలు దగ్గర పెట్టుకుని పెళ్లికూతురి ఫోటో చూస్తున్నట్టు చూసేవాళ్లు.

ఎదురు చెప్పింది అవ్వ ఒక్కతే. ఆమె చిన్నతనంలో, వాళ్ల కొండ ఊళ్లో, పెళ్లిలో సంతోషానికి గాల్లోకి కాల్చారట. ఆ గుండు తగిలి ఆమె తమ్ముడు ఆమె కళ్ల ముందే పోయాడు. "ఇంట్లోకి ఇనుము తేవొద్దు" అంది మనవడితో. అతను వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, నవ్వి వెళ్లిపోయాడు. ఆమె మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. ఆమె ఇక మాట్లాడలేదు. ఆమె ఊరుకోవడం చూసి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ ఇంటి డ్రైవర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నన్ను అక్కా అంటాడు, నేను భాయ్ అంటాను. తుపాకీ సంగతి తెలియగానే నా దగ్గరికి వచ్చాడు.

"ఏం అక్కా, తుపాకి గొంటున్నరంట గదా. ఏది మంచిదో నువ్వే చెప్పరాదు. మీది సీమ గదా, నీకు మస్తు ఎర్కుంటది."

"మా ఊర్లో బాంబు చూసినోళ్లంతా టాకీసులో చూసినోళ్లే భాయ్. నీ పని నువ్వు చూసుకో పో" అన్నాను.

వాడు నవ్వి ఊరుకుంటే బాగుండేది. అదే కబురు నవ్వులాటకు మామాకు కూడా చెప్పాడు. ఈమె ఊళ్లో ఇంటింటికీ బాంబులుంటాయట, సినిమాల్లో చూపిస్తారట అని. మామాకు తెలుగు సినిమా ఏంటో, సీమ ఏంటో ఎలా తెలుస్తుంది? ఆమె నన్ను పైనుంచి కిందికి ఒక చూపు చూసింది. అంట్లగిన్నె పట్టుకుని నిలబడ్డ నాలో ఏం కనపడిందో ఆ తల్లికే తెలియాలి. ఆ రోజు నుంచి కొడుకు గది ఊడ్చే పని నాకు తప్పించింది.

తుపాకీ కొనడానికి దుకాణానికి వెళ్లేటప్పుడు అవ్వ తానూ వస్తానంది. ఆమె వస్తే నేనూ వెళ్లాలి. గోడల నిండా తుపాకులు, లోపల నూనె వాసన. అబ్బాయి కన్ను నల్లటి పెద్ద రైఫిల్ మీద పడింది. చేతిలోకి తీసుకుని భుజానికి ఆనించుకుని అద్దంలో చూసుకున్నాడు. దుకాణదారు పెద్దాయన. ఏం మాట్లాడకుండా దాన్ని వెనక్కి తీసుకుని, గోధుమరంగు కట్టె పిడి ఉన్న సన్నటి రైఫిల్ ఒకటి ముందు పెట్టాడు.

"అది చూపించుకోవడానికి. ఇది నేర్చుకోవడానికి" అన్నాడు. "గుండు చిన్నది, భుజానికి దెబ్బ తగలదు. దెబ్బకు భయపడి కళ్లు మూసుకునే అలవాటు మొదట్లో పడితే పోలీసైనా పోదు. ముందు దీంతో ఊపిరి బిగబట్టడం, వేలు మెల్లగా లాగడం నేర్చుకో."

అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. బాబాకు మాత్రం ఆ మాట నచ్చింది. దుకాణదారు వెనకపక్కనున్న ఇనుప కడ్డీని పైకి తిప్పి, వెనక్కి లాగి, చేతిలోకి తీశాడు. దాన్ని బోల్ట్ అంటారట. అరచేతి కంటే కొంచెం పొడవుంటుంది. "ఇంట్లో ఇది ఒకచోట, తుపాకీ ఒకచోట దాచు. ఇది లేకపోతే అది ఉత్త కట్టె" అన్నాడు.

అప్పటిదాకా కుర్చీలో కునుకుతున్న అవ్వ తలెత్తి, "ఏదీ, మళ్లీ తీసి చూపించు" అంది. ఆయన మళ్లీ తీసి చూపించాడు. మనవడు తెగ సంబరపడ్డాడు, అవ్వకు కూడా ఇష్టం కలిగిందని. కాగితాలు బాబా పేరు మీద రాశారు. తుపాకీ ఇంటికొచ్చింది.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. తండ్రీ కొడుకులు క్లబ్బుకు వెళ్లేవాళ్లు, కాల్చిన అట్టలు తెచ్చి హాల్లో చూపించేవాళ్లు. నాకు నా గొడవ. ఊళ్లో నా కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. తల్లి పక్కన లేకుండా పురుడేంటి? బాబాను ఎన్నాళ్లుగానో బతిమాలి సెలవు తీసుకున్నాను. ఖురూజ్ ఔదా, అంటే వెళ్లి తిరిగి రావడానికి అనుమతి, అది కూడా వేయించాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. ప్రయాణం రోజు ఇస్తానన్నాడు.

నా ప్రయాణం రేపనగా బోల్ట్ కనిపించలేదు.

అబ్బాయి దాన్ని తన సొరుగులో, మేజోడులో పెట్టి దాచేవాడు. సొరుగుంది, మేజోడుంది, బోల్ట్ లేదు. ఇల్లంతా వెతికారు. ముందు నా పరుపు ఎత్తి చూశారని వేరే చెప్పాలా? నా చీరలన్నీ మామా ఒక్కొక్కటీ దులిపింది. డ్రైవర్ మొహం పాలిపోయింది. సీమ కబుర్లన్నీ ఎక్కడికి పోయాయో, నా వైపే చూడలేదు. నాకైతే వాడి మీదే అనుమానం. బండి కడుగుతూ కొడుకు కిటికీ దగ్గర మసిలేది వాడే కదా.

"మీ రూములో చూసుకో భాయ్, యాడన్నా పడిందేమో" అన్నాను.

"నా మీద ఏస్తున్నవా అక్కా? పిల్లల మీద ఒట్టు, నాకేం ఎర్కలేదు" అన్నాడు. గొంతు వణికింది. నాకు ఆ వణుకు మీద కూడా అనుమానమే.

సాయంత్రం బాబా అందరినీ పిలిచాడు. తుపాకీ తన పేరు మీద ఉంది కాబట్టి, రేపు మధ్యాహ్నం లోపల దొరక్కపోతే తాను పోలీసులకు చెప్పక తప్పదన్నాడు. చెప్పాక విచారణ తేలేదాకా ఇంట్లో ఎవరూ ఊరు దాటకూడదన్నాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. నా విమానం రేపు సాయంత్రం.

ఇక్కడి ఇళ్లల్లో ఒక పద్ధతుంది. పనిమనిషి ఊరికి పోతుంటే ఆమె సామాను మామా ముందు విప్పి చూపించి, ఆమె కళ్లెదుటే మళ్లీ కట్టాలి. ఒకసారి చూశాక ఇక ఎవరూ ముట్టుకోరు. ఆ సాయంత్రమే నా అట్టపెట్టె విప్పాను. ఖర్జూరాలు, పాలపొడి, పుట్టబోయే బిడ్డకు దుప్పటి, ఇంటికి సబ్బులు. మామా అన్నీ తీసి, పెట్టె అడుగు తట్టి చూసి, సరే అంది. నేను తాడు కట్టాను. మా వైపు చెనక్కాయల మూటకు వేసే ముడి, రెండు మెలికలు తిప్పి కొస లోపలికి దోపుతాం. పెట్టెను అవ్వ గదిలో తలుపు పక్కన పెట్టి పడుకున్నాను.

తెల్లారి లేచి పెట్టె వైపు చూస్తే ముడి నాది కాదు. మామూలు పీటముడి.

తలుపు దగ్గరికి వేసి తాడు విప్పాను. బిడ్డ దుప్పటి మడతలో ఏదో గట్టిగా తగిలింది. ఆకుపచ్చ తలగుడ్డలో చుట్టిన ఇనుము. బోల్టే. దాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూలబడిపోయాను. ఎయిర్‌పోర్టులో మిషన్‌లో నా పెట్టె వెళ్తుంది, గంట మోగుతుంది, ఎవరిదీ పెట్టె అని అరుస్తారు. తుపాకీ ముక్కతో దేశం దాటుతున్న పరాయి ఆడది. తెలియదు సారూ అంటే ఎవరు నమ్ముతారు? కూతురి కాన్పు సంగతి దేవుడెరుగు, దాని బిడ్డకు పెళ్లయ్యేదాకా నేను జైల్లోనే ఉండేదాన్నేమో.

ముందు డ్రైవర్‌ను తిట్టుకున్నాను. తర్వాత గుడ్డ చూశాను. అంచు చిరిగితే తెల్లదారంతో కుట్టింది నేనే. అవ్వ తలగుడ్డ.

తిరిగి చూస్తే ఆమె మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది. నాకు వచ్చిన అరబ్బీలో అడిగాను.

"అవ్వా, ఇది నువ్వా?"

"నీ దేశం దూరం కదా" అంది మెల్లగా. "అక్కడ ఏదైనా ఏట్లో పారెయ్. నిన్న చూసేశారు, ఇంక నీ పెట్టె ఎవరూ చూడరు."

"ఎయిర్‌పోర్టులో చూస్తారవ్వా. నన్ను పట్టుకుంటారు."

ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. నిజంగా తట్టలేదు, ఆమె కళ్లల్లో కనపడింది. రోజూ ఆ కాళ్లు కడిగాను. ఆ తల దువ్వాను. ఆమె జ్వరంతో మూలిగితే నేను కూర్చుని మేలుకున్నాను. మనవడి ప్రాణం గురించి అంతగా ఆలోచించిన మనిషికి, నా గతి ఏమవుతుందన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు. దొంగ అనిపించుకున్నప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు.

"నువ్వే పోయి ఇవ్వు" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

హాల్లో బాబా, మామా, అబ్బాయి ఖహ్వా తాగుతున్నారు. గుడ్డతో సహా తీసుకెళ్లి అబ్బాయి ముందు పెట్టాను. మామా లేచి నిలబడింది. "ఎక్కడ దొరికింది?" అన్నాడు బాబా. నిజం చెబితే ముసలామె పరువు పోతుంది. అయినా పరాయిదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే నేనే దొంగను. తలుపు దగ్గర చప్పుడైంది. అవ్వ గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. నేను ఆమె వంకే చూశాను, ఏదో ఒకటి అంటుందని. ఆమె చూపు పక్కకు తిప్పుకుంది.

అబ్బాయి గుడ్డ విప్పాడు. బోల్ట్‌ను పక్కన పెట్టి గుడ్డనే చూశాడు, అంచు మీద కుట్టును వేలితో తడిమాడు. తర్వాత వాళ్ల అవ్వను చూశాడు, నన్ను చూశాడు.

"నేనే" అన్నాడు తండ్రితో. "మొన్న తుడుస్తూ ఈ గుడ్డలో చుట్టి కారు సీటు కింద పెట్టి మరిచిపోయాను. పొద్దున గుర్తొచ్చి, కారులో చూడమని ఈమెకు చెప్పింది నేనే."

బాబా కొడుకును దులిపేశాడు. తుపాకీ పట్టుకునే ముందు బుద్ధి తెచ్చుకోమన్నాడు, పోలీసు ఉద్యోగం నీకెందుకన్నాడు. అబ్బాయి తల వంచుకుని అన్నీ పడ్డాడు. నల్ల తుపాకీ భుజాన పెట్టుకుని అద్దంలో చూసుకున్న పిల్లవాడేనా ఇతను అనిపించింది. మధ్యాహ్నం దాటకముందే నా పాస్‌పోర్టు నా చేతికొచ్చింది.

బయలుదేరేటప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. నేనే కొంచెం ముందుగా విడిపించుకున్నాను.

ఎయిర్‌పోర్టుకు అబ్బాయే వచ్చాడు. పెట్టె డిక్కీలో పెట్టబోతూ ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎక్కడుంది అది?"

"ఈ పెట్టెలోనే, దుప్పటిలో."

అతను పెట్టె కింద పెట్టి, వంగి నా ముడి విప్పాడు. ఖర్జూరాల డబ్బా ఊపి చూశాడు, పాలపొడి డబ్బా మూత నొక్కి చూశాడు, బిడ్డ దుప్పటి మడతలన్నీ దులిపాడు. వాళ్లవ్వ తూటాలు కూడా వేసిందేమోనని నా కోసం చూశాడా, నా మీద అనుమానంతో చూశాడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అడగలేదు. అతనే మళ్లీ సర్ది, తాడు బిగించి ముడి వేశాడు.

"ఇప్పుడు ఏం లేదు. భయపడకు" అన్నాడు.

"నువ్వు సల్లగుండు నాయనా" అన్నాను తెలుగులోనే. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఎయిర్‌పోర్టులో నన్ను దించాక, అతని కారు కనపడకుండా పోయేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. తర్వాత గోడ పక్కకు జరిగి, నేల మీద కూర్చుని, అతను వేసిన ముడి విప్పాను. డబ్బా డబ్బా తీశాను, దుప్పటి దులిపాను, అడుగున అట్ట కూడా ఎత్తి చూశాను. ఏమీ లేదు. అప్పుడు నా ముడి నేను వేసుకుని లోపలికి వెళ్లాను.