పెత్రమాస విస్తరి ముందు ఇటలీ రాజు

మొన్న భూపాలపల్లిలో మా మనుమరాలు నా పెట్టెలోని పాత వెండి నాణేన్ని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, అది పందొమ్మిదో శతాబ్దపు ఇటలీ నాణెమని అప్పటికప్పుడే చెప్పేసింది. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒకప్పుడు ఎండాకాలమంతా పట్టింది. అయితే ఆ నాణెం మా ఇంట్లో ఎవరిగా బతికిందో ఏ ఫోనూ చెప్పలేదు; నేను పోతే చెప్పేవాళ్లూ ఉండరు. అందుకే రాసి పెడుతున్నాను.

మాది పాలకుర్తి దగ్గర పల్లె. జనగామ మార్కెట్‌కు పత్తి బండి తోలే మా తాత, ఎక్కడ దొరికిందో గాని, ఒకనాడు ఆ నాణెం తెచ్చి అవ్వ చేతిలో పెట్టి, దాని మీది మీసాలాయనను చూపి "గిది నా బొమ్మనే, పైలం" అని, జాగ్రత్తగా దాచుకోమని నవ్వాడట. ఒక్క ఫొటో అయినా దిగకుండానే తాత పోయాడు. ఆ తర్వాత ఏటా పెత్రమాస నాడు, పోయిన పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య పూట, అవ్వ నాణేన్ని కుంకుడు రసంతో కడిగి, బొమ్మ నుదుట బొట్టు పెట్టి, దాని ముందు మోదుగాకు విస్తరిలో తాతకిష్టమైన గారెలు వడ్డించేది. మా పిల్లలకు తాత అంటే ఆ ముఖమే.

నా బడి ఏడో తరగతితోనే ఆగినా చదువు పిచ్చి ఆగలేదు. ఒక ఎండాకాలమంతా జనగామ గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదువుతూ పోతుంటే, అక్కడి సారు వెతికి ఇచ్చిన నాణేల పుస్తకంలో ఒకనాడు మా తాత కనబడ్డాడు! అదే గుబురు మీసం, అదే పక్కకు తిరిగిన తల. వెనకవైపు కిరీటం కింద శిలువ గుర్తున్న డాలు, దాని చుట్టూ గొలుసు, అటూ ఇటూ ఆకుల కొమ్మలు. అది ఇటలీ రాజవంశపు చిహ్నమని, ఆ మీసాలాయన ఇటలీ రాజని చదివి పొంగిపోయాను గాని, బస్సెక్కి ఊరి దారి పట్టాక ఆ పొంగు చల్లారింది. చెబితే అవ్వకు తాత ముఖమే లేకుండా పోతుంది కదా.

అయినా తెలిసీ దాచలేక, పెత్రమాస నాడు, విస్తరి వేయక ముందే, మెల్లగా చెప్పాను. "సదివి సదివి మా బాపునే ఎత్కపోయినవ్ గదరా!" అని మేనత్త నా మీదికి లేచింది. అవ్వ నాణేన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "ఊకో బిడ్డా. గాయిన గూడ ఎవరికో తాతనే గద. గిన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నడు, ఇయ్యాల లేపుతమా?" అని ఇంకో విస్తరి తెమ్మన్నది. నాణెం ముందు ఒకటి వేసి, రెండోది ఖాళీ పీట ముందు వేసి, పీటకు బొట్టు పెట్టింది. ఆ పీట దిక్కే చాలాసేపు చూసి, "మీ తాత మీసం గింత పెద్దది కాదు తియ్యి" అని తనలో తాను నవ్వుకుంది.

ఇప్పుడు ఫోన్ల నిండా అందరి ముఖాలే. పోయినవాళ్లు ఎట్లా ఉండేవారో తలుచుకునే పనే లేదు. ఖాళీ పీట మీద మనిషిని చూడగలిగిన కళ్లు అవ్వతోనే పోయాయేమో.

ఆ పుస్తకం వెతికి ఇచ్చిన గ్రంథాలయం రాజయ్య సారుకు, అవ్వ పోయాక నాణేన్ని ఇన్నేళ్లు కాపాడి ఈమధ్యే నా చేతికిచ్చిన మా మానుకోట చెల్లె లక్ష్మికి, ఫొటో తీసిన మనుమరాలు స్వాతికి నా నమస్కారాలు. పేరు తెలిశాక కూడా మా ఇంట్లో ఎవరమూ పేరు పెట్టి పిలవని ఆ ఇటలీ తాతకు కూడా.