నిశ్శబ్దపు నమూనా

అక్క స్వరపేటికను తీసివేసే శస్త్రచికిత్సకు ఒక్కరోజే మిగిలింది. ఆ తరువాత ఆమెకు మాట ఉండదని డాక్టరు చెప్పారు. నేను మరో ఇద్దరు డాక్టర్లను అడిగి నిర్ధారించుకున్నాను. ఆరేళ్ల కూతురి కోసం తన గొంతు దాచిపెట్టమని అక్క నన్ను అడిగింది. వీధిలో ఇంటికొకరు కంప్యూటరు కోర్సు చేస్తున్న ఏళ్లవి. నా దగ్గర ఒక కంప్యూటరు, దానితో వచ్చిన చౌక మైకు ఉన్నాయి.

చిలకలగూడలో రైళ్ల చప్పుడు మాకు అలవాటే, మైకుకు కాదు. కిటికీకి పరుపు అడ్డం నిలబెట్టాను. పైనున్న ఫ్యాను ఆపాక, కంప్యూటరు లోపలి ఫ్యానే ఎక్కువ రొద చేస్తోందని తేలింది. తీగ అందినంత దూరం మైకును జరిపి, దుప్పట్ల బీరువా తలుపులు తెరిచి, వాటి మధ్య అక్కను కూర్చోబెట్టాను. మైకు పెదవులకు జానెడు దూరంలో ఉండాలని ఎక్కడో చదివాను. నమ్మక, మూడు దూరాలలో పరీక్షించాను. జానెడే సరైనది.

"ఏందిరా తమ్మీ, గొంతు దాస్తున్నవా, నన్నే బీరువాల దాస్తున్నవా?" అంది అక్క బొంగురుగా.

"జెర ఊకో అక్కా. పది సెకన్లు ఏం మాట్లాడకు."

"రేపటి సంది అదే పని గదరా."

నేను నవ్వలేదు. ఏమీ అనిపించలేదు కూడా. గడియారం చూస్తూ పది లెక్కపెట్టాను. రొదను తొలగించే సాఫ్ట్‌వేరుకు ముందుగా మాటలు లేని కొంత నిడివిని చూపించాలి. అందులో వినిపించినదంతా రొదేనని నేర్చుకుని, మిగతా రికార్డింగులోంచి దానిని తీసివేస్తుంది. తరువాత అక్క కూతుర్ని అన్నానికి పిలిచింది, రానందుకు తిట్టింది, రెండో ఎక్కం చెప్పింది.

సాఫ్ట్‌వేరు రొద తీసివేశాక, తెర మీద ధ్వనిని చూపే గీత మాటల నడుమ బల్లపరుపుగా ఉంది. చెవికి భ్రమ కలగవచ్చు, కొలతకు కలగదన్నది నా చదువు. వినకుండానే అసలు ఫైలు మీదే సేవ్ చేశాను, పాతది చెరిగిపోయింది.

అక్క ఆసుపత్రి నుంచి వచ్చాక వినిపించాను. రైలు లేదు, ఫ్యాను లేదు. బొంగురూ లేదు. ఆ పది సెకన్లూ జానెడు దూరంలో అక్క ఊపిరి గరగరలాడుతూనే ఉంది. యంత్రం దానినీ రొదలోనే కలిపింది. మిగిలినది నీళ్లలోంచి మాట్లాడుతున్న ఎవరో స్త్రీ.

అక్క పలక మీద రాసింది: "మంచిగున్నది. ఎవరురా?"

పాప కాసేపు విని, "గీ ఆంటీ నన్నెందుకు తిడ్తుంది మామా?" అంది.

"ఆంటీ కాదు, మీ అమ్మనే."

పాప నమ్మలేదు, తల అడ్డంగా ఊపింది. ఆధారం చూపాలంటే నా దగ్గర ఆ ఫైలు ఒక్కటే ఉంది.