స్వరూప కనుబొమ మీది గాటు

దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు నడుమ పెరిగి, మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాడినయ్యాను, అదీ భౌతికశాస్త్రంలో. ఎదుట లేనిది ఫిల్మ్ మీద పడదని చదువుకున్నవాణ్ణి. అందుకే చూసింది చూసినట్టు మాత్రమే రాస్తున్నాను.

తొంభైల చివర్లో జగిత్యాలలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. నక్సలైట్ అన్నల్లో కలిసి తిరిగిరానివారి పిల్లలు, ఎన్‌కౌంటర్లలో తండ్రులను పోగొట్టుకున్నవారు హాస్టళ్లలో చదువుకుంటూ, దరఖాస్తు ఫోటోల కోసం నా దగ్గరకు వచ్చేవారు. కెమెరా ముందు కూర్చోగానే తల దించేవారు. వాళ్ల ఇళ్లలో ఫోటో అంటేనే భయం. సోదాకు వచ్చిన పోలీసులు గోడ మీది ఫోటోలు పట్టుకుపోతారని చాలామంది తల్లులు పెళ్లి ఫోటోలతో సహా పొయ్యిలో వేసేశారు. ఆ పిల్లలు తల ఎత్తేదాకా నేను బటన్ నొక్కేవాణ్ణి కాదు. నేను గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే.

ఎల్లారెడ్డిపేట స్వరూపకు తల ఎత్తమని చెప్పే అవసరమే రాలేదు. టీచర్ ట్రైనింగ్ దరఖాస్తు కోసం వచ్చి నిటారుగా కూర్చుంది.

"మంచిగ తియ్యున్రి సార్. మా నాయిన ఎట్లుండెనే అని మా అమ్మనడిగితె, అద్దంల చూస్కోపో అంటది. అద్దంల నేను కనబడ్తగని, ఆయన కనబడ్తడా?" అని నవ్వింది.

తండ్రి అడవికి పోయేనాటికి ఆమె తల్లి కడుపులో ఉంది. ఆయన ఫోటో ఒక్కటీ మిగల్లేదు.

మూడు ఫోటోలు తీశాను: ఎదురుగా ఒకటి, పక్కకు తిప్పి ఒకటి, దగ్గరగా ఒకటి. ప్రింట్ వేసి చూస్తే, ఎడమ కనుబొమను కోస్తూ ఏటవాలుగా ఒక పాత గాటు. ఫిల్మ్ గీసుకుపోయిందనుకున్నాను. కానీ ఫిల్మ్ మీది గీత ముఖంతో పాటు కదలదు. ఇది మూడింటిలోనూ కనుబొమనే అంటిపెట్టుకుని ఉంది. అదే రోల్‌లో మిగతా పిల్లల ముఖాలు శుభ్రంగా ఉన్నాయి. నెగెటివ్ మీది మచ్చలను పెన్సిల్‌తో చెరపడం మా వృత్తిలో మామూలే. కానీ ముందు ఆ అమ్మాయిని మరోసారి చూడాలనిపించి ఆగాను.

మర్నాడు స్వరూప తల్లి రాజవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. కనుబొమ నున్నగా ఉంది. నేనిచ్చిన ఫోటో చూసి తానూ వేలితో తడిమి చూసుకుంది.

"గిదేంది సార్, పెండ్లి కావల్సిన పిల్ల మొఖానికి గాటు పెట్టిన్రు?" అని ఎగతాళి చేసింది.

రాజవ్వ నవ్వలేదు. ఫోటోను కిటికీ వెలుతురులోకి తీసుకుపోయింది. ఆ గాటు మీద వేలు పెట్టి చెప్పింది.

"నాడె ఎగిరచ్చి తాకింది. సిరిసిల్లల సాంచల మీద పని చేసేటప్పుడు. మూడు కుట్లు పడ్డయి. మీ నాయినకు, బిడ్డా. గిక్కడ్నే."

సాంచ అనే మరమగ్గం మీద నూలు మోస్తూ దూసుకుపోయే నాడె ఎగిరి తాకితే ఏమవుతుందో సిరిసిల్లవాణ్ణి, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త గురించి రాజవ్వ కూతురికి చెప్పిన మొదటి ముచ్చట అదేనట.

ముఖానికీ ఫోటోకూ పొంతన లేకపోతే దరఖాస్తు తిప్పి పంపుతారని, గాటు చెరిపి ఇస్తానని అన్నాను.

"ఒద్దు సార్. గిట్లనే ఇయ్యున్రి."

"సీటు పోతెనే?" అంది తల్లి.

"పోతె అచ్చె ఏడు మళ్లా రాస్త. నాయిన మళ్లా అస్తడా?"

ఆ ఫోటోనే అతికించింది. ఎవరూ ఏమీ అడగలేదు. సీటు వచ్చింది.

చదువు పూర్తయి కోరుట్ల బడిలో ఉద్యోగం వచ్చాక, గుర్తింపు కార్డు ఫోటో కోసం మళ్లీ నా దగ్గరకే వచ్చింది. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం. పంతులమ్మ అయిన ఆమెను చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అదే కెమెరా, అదే కిటికీ. ప్రింట్ చేతికిచ్చాను. ఆమె చూపు ఎడమ కనుబొమ మీదే ఆగింది.

"గీపారి రాలేదా సార్?" అంది.

ఈసారి రాలేదన్నాను.

"ఇంకోటి తియ్యున్రి."

రోల్ అయిపోయేదాకా తీశాను. ప్రతిదానిలోనూ పంతులమ్మ ఒక్కతే ఉంది. ఆనాడు పడిన గాటు ఈనాడు ఎందుకు పడలేదో నేను చదివిన భౌతికశాస్త్రంలో ఎక్కడా లేదు; ఆ పాత నెగెటివ్‌ను మాత్రం నేటికీ పెన్సిల్‌తో చెరపలేదు.