పన్నెండో పైపు

మా ఆయన చేసిన పైపులు పదకొండు నా దగ్గర ఉన్నాయి. నీళ్ల పైపులు కావు. పొగాకు దట్టించి పీల్చే చెక్క పైపులు. చిట్కుల్‌లో మా కిరాయి గది కిటికీలో, రస్కుల డబ్బాలో పెట్టాను. పన్నెండోది సగంలో ఆగిపోయింది. దాని సంగతే చెప్పాలని కూర్చున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఒకరు రాస్తున్నారు.

ఆయన పటాన్‌చెరులో మిషన్లకు చెక్కపెట్టెలు కొట్టే కంపెనీలో వడ్రంగి. ఒకప్పుడు రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు సంఘం ముందు నిలబడి, పొగ తాగే వస్తువేదీ ఇక నోట పెట్టనని మాట ఇచ్చాడు. నోరు మానింది గానీ చేతులు మానలేదు. అన్నం తినగానే ఆ వేళ్లు ఊరికే జేబు తడుముకునేవి. కంపెనీకి వచ్చే ముసలి ఇంజనీరు సారు నోట్లో పైపు చూసి, ఒక ఆదివారం తుమ్మచెక్క ముక్క ముందేసుకున్నాడు. అమ్మడానికి కాదు, తాగడానికి కాదు. ఎందుకంటే ఏం చెప్పను, చేతుల కోసం.

సంఘంలో ఒక పెద్దామె ఊరుకుంటుందా? ఇంటికే వచ్చింది.

"ఏం రా అల్లుడా, సైతానుకు పొయ్యిలు చేస్తున్నవట?"

"పొయ్యి చేసినోడు దొంగకూర వండినట్టేనా అత్తమ్మా? ఉత్త కట్టె గిది. కావాలంటే నువ్వే ఒకటి తీస్కపో."

"నాకేం రోగంరా!" అంటూనే చాయ్ తాగి పోయింది.

పైపులో రెండు బొక్కలుంటాయి. పైనుంచి పొగాకు పట్టే గుంత ఒకటి, పక్కనుంచి పొగ వచ్చే సన్నటి దారి ఒకటి. రెండూ గుంత అడుగున కలవాలి. గాలి సరిగ్గా వస్తోందో లేదో తెలియాలంటే నోట పెట్టి పీల్చాలి. ఆయన నోట పెట్టడు గదా, మాట ఇచ్చాడు. అందుకని నేను రొట్టెలు చేస్తుంటే పొయ్యి దగ్గరికి తెచ్చేవాడు.

"జెర పీల్చి సూడు. బిగుతా, వదులా?"

"నేనేమన్న సుట్టలు తాగే ముసల్దాన్నా?"

"ఉత్త గాలే గదనే. గాలికి పాపమంటదా?"

పిండి చేతులతోనే పట్టుకుని పీల్చేదాన్ని. నాలుక మీద చెక్కపొడి వగరు తగిలేది. బిగుతు అంటే చేతి డ్రిల్లుకు సైకిల్ పుల్ల బిగించి, లోపల పెట్టి ఇంకా తిప్పేవాడు. వదులు అంటే మొహం మాడ్చుకునేవాడు, తీసేసిన చెక్క మళ్లీ రాదు గదా. సరిపోయింది అంటే ఆ పైపు డబ్బాలోకి పోయేది. ఇప్పుడు చెప్పుకుంటే తప్పేముంది, కొన్నిసార్లు సరిపోయినా బిగుతు అనేదాన్ని. అట్లా అంటే ఇంకో గంట నా పక్కనే కూర్చుంటాడని. ఆ అబద్ధాలకు రెండు పైపులు వదులైపోయాయి కూడా.

ముందటేడు వానల్లో, డ్యూటీ అయిపోయి కంపెనీ బస్సు దిగాడు. మా వీధి మలుపు దాకా నడిచి అక్కడే కూలబడ్డాడు. అంతే.

పన్నెండోది రేగు వేరుతో మొదలుపెట్టాడు. ఇస్నాపూర్ దగ్గర రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ పెకలించి పడేస్తే, ఇద్దరం మోసుకొచ్చుకున్న వేరు అది. ఏడాది నీడలో ఆరబెట్టాడు. గుంత తవ్వాడు. పక్క దారి సగానికి పైగా వేశాడు. రెండూ కలవడానికి బియ్యపు గింజంత మిగిలిపోయింది. నేను ముట్టుకోలేదు. ఒక్క తిప్పు పక్కకు పోతే అడుగు చిల్లి పడుతుంది. ఆయన చెయ్యి పడిన అలాంటి వేరు మళ్లీ ఎక్కడ తెస్తాను?

పక్క గదిలో ఒడిశా పిల్ల ఉంటుంది. దాని మొగుడు బొల్లారంలో మందుల కంపెనీకి పోతాడు. ఒకరోజు ఉప్పు కోసం వచ్చి, కిటికీలో ఉన్న ఆ సగం పైపు తీసి చూసింది.

"ఏ క్యా హై అమ్మా? బొమ్మనా?"

"పైపు."

నోట పెట్టి ఊదింది. బుగ్గలు ఉబ్బాయి. "హవా పోతలేదు గదమ్మా. పైపెట్లయితది?"

అది నవ్వుతూ పోయింది గానీ ఆ మాట నాకు మిగిలింది. నిజమే. గాలి పోకపోతే పైపెట్లా అవుతుంది? ఆయన ఆఖరి పని ఉత్త చెక్కముక్కగా పడి ఉంటుంది.

ఆయన చేతి డ్రిల్లు తీశాను. కొత్త చెక్క గరిటెకు నూనె పట్టిస్తాం గదా, అట్లా మెత్తబడి సులువుగా దిగుతుందని, పక్క దారిలో నాలుగు చుక్కలు మంచినూనె పోశాను. ఆయన ఎప్పుడూ పొడిగానే తిప్పేవాడు. చూశాను గానీ ఎందుకని ఎన్నడూ అడగలేదు. నాలుగు తిప్పులకు లోపల ఏదో తెగినట్టయింది. పీల్చాను. గాలి రాలేదు. నూనె తాగిన పొడి పిండిముద్దలా దారిలో ఇరుక్కుపోయింది. చెడగొట్టానే అని డ్రిల్లు అక్కడే వదిలేసి గోడకు ఆనుకున్నాను. ఆ రోజు పొయ్యి ముట్టించలేదు.

నూనె ఆరుతుందేమోనని మూడు రోజులు కిటికీలో ఎండకు పెట్టాను. నాలుగో రోజు పొద్దున చీపురుపుల్లతో కొంచెం కొంచెం పొడిచాను. నల్లటి ముద్ద ఊడి ఒళ్లో పడింది. పుల్ల కొస గుంత అడుగున కనబడింది. సరిగ్గా అడుగున. పక్కకు పోలేదు, కిందికి పోలేదు. దారి ఆయనే నేరుగా వేసి పెట్టాడు, నేను చేసింది ఆ బియ్యపు గింజంతే.

మిగతా వాటికి ఆయన పెట్టినట్టే పక్క దారికి వెదురు గొట్టం బిగించి, నోట పెట్టి పీల్చాను. నూనె వాసనతో గాలి నెమ్మదిగా, నిండుగా వచ్చింది. బిగుతు అనాలని నోటిదాకా వచ్చింది. అంటే ఎవరు వచ్చి కూర్చుంటారు?

"సరిపోయింది," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

గోడ అవతలి నుంచి ఒడిశా పిల్ల అడిగింది. "అమ్మా, ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వరు రాలే బిడ్డా," అన్నాను. దాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టాను.