చిన్నమ్మ ఎవరి కూతురు

ఆ పెట్టె వచ్చిన రోజు కొట్లో నిలబడే దాన్ని చింపేశాను. కత్తెర వెతికే ఓపిక లేక టేపును పళ్లతోనే లాగేశాను. చుట్టూ మిరపకాయల బస్తాలు, ఆ ఘాటుకి తుమ్ము మీద తుమ్ము. మా ఆయన గల్లా దగ్గర నుంచి తలెత్తి "ఏందే అది, బంగారమా?" అన్నాడు. "అంతకన్నా ఎక్కువే" అన్నాను. లోపల చూస్తే రెండు ప్లాస్టిక్ గొట్టాలు, రెండు మూతలు, బొమ్మలు వేసిన ఒక కాగితం. అంతే.

గొట్టంలో ఉమ్మి పంపితే డీఎన్ఏ చూసి, అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, అలా ఆడవాళ్ల వరసలో ఎంతో వెనక్కి వెళ్లి మన మూలం చెబుతారని ఫోన్లో ప్రకటన చూశాను. వేల ఏళ్ల కిందటి మూలం నాకెందుకు? నాకు కావలసింది ఒక్కటే. మా చిన్నమ్మ మా అమ్మకి సొంత చెల్లెలా, కాదా?

మాది బళ్లారి బజారులో తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. అమ్మ పుట్టిల్లూ ఈ ఊరే. అమ్మమ్మని మేము అవ్వ అనేవాళ్లం. కొడుక్కీ కూతురికీ పెళ్లిళ్లు చేసేసిన తర్వాత, అవ్వ ఒకసారి సండూరులో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెళ్లి ఐదు నెలలు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతుల్లో ఒక పసిబిడ్డ. "చెల్లెలికి ఇంటినిండా పిల్లలే, దీన్ని నేను పెంచుకుంటా" అని ఊరికి చెప్పింది. ఆ పసిబిడ్డే మా చిన్నమ్మ. అవ్వ సొంత బిడ్డేనని కొందరు గుసగుసలాడారు, కాదని కొందరు తేల్చేశారు. అవ్వ మాత్రం పోయేదాకా నోరు విప్పలేదు. అమ్మని అడిగితే "అప్పుడు నేను కొత్త కాపురంలో ఉన్నా, నాకేం తెలుసు? నాకైతే అది చెల్లెలే" అనేది.

ఈ సంగతి పట్టించుకోకుండా బతకొచ్చు కదా అంటారేమో. చిన్నమ్మ అలా బతకలేకపోయింది. ఆ ఇంట్లో పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. పసుపు దారం కట్టిన రోకలిని ముందుగా ఇంటి ఆడపడుచులు, అంటే ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు, పెద్ద నుంచి చిన్న దాకా వరసగా ఎత్తాలి. వాళ్లయ్యాకే మిగతా ముత్తైదువలు. ప్రతి పెళ్లికీ చిన్నమ్మ ఆ మిగతావాళ్లలోనే నిలబడింది. ఎవరూ ఆమెను తిట్టలేదు, పొమ్మనలేదు. ఆడపడుచుల వరసలోకి రమ్మని మటుకు పిలవలేదు.

అమ్మ పోయిన మరుసటి ఏడు బావ చిన్న కూతురికి పెళ్లి కుదిరింది. బావ అంటే మా మేనమామ కొడుకు. మామ పోయాక ఆ ఇంటికి ఆయనే పెద్ద. ఆ కబురు విని చిన్నమ్మ సత్యనారాయణపేట నుంచి ఆటోలో నేరుగా మా కొట్టుకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, నోట్లో ఉన్న వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి, "అక్క పోయె. నాక్కూడా అరవై అయిదు దాటె. ఈ పెండ్లిలోనన్నా ఇంటి బిడ్డ అని రోకలి ఇస్తారేమో అడుగుతావా పాపా?" అంది. ఏదో చిన్న వస్తువు అరువు అడుగుతున్నట్టు అడిగింది. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

అదే రోజు బావ మీదికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, పద్ధతి మనిషి. "ఆయమ్మ అవ్వ చెల్లెలి కూతురని అందరూ అంటారు. అట్లయితే గోత్రం వేరే కదా. దేవుని పని ఉత్త మాటల మీద యాడ చేస్తారు? ఆధారం ఉంటే తే, నేనే రోకలి చేతికిస్తా" అన్నాడు.

ఆధారం కావాలా? సరే, తెస్తా! ఇంటికి వస్తూ వస్తూ దారిలోనే ఫోన్లో ఆ పెట్టెకి ఆర్డర్ పెట్టేశాను.

ఉమ్మి ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. చిన్నమ్మకి వక్కాకు లేకుండా అరగంటంటే ఉపవాసం కింద లెక్క. పావుగంటకే "అయిందా?" అంది. దోణిమలై గనుల్లో పనిచేసి రిటైరైన చిన్నాయన గడియారం పట్టుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు. ఆఖరికి గొట్టం నిండాక మేం ముగ్గురం చప్పట్లు కొట్టుకున్నాం.

ఇక రెండో గొట్టం. అందులో అమ్మ వైపు మనిషి ఉమ్మి కావాలి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అమ్మ వైపంటే మాకు మేనమామ ఇల్లే. చెవులు కుట్టేటప్పుడు కూర్చోబెట్టుకునేది మేనమామ ఒడిలో, పెళ్లిలో బుట్టలో మోసుకొచ్చేది మేనమామ. మేనమామ లేకపోతే ఆయన కొడుకు. కాబట్టి గొట్టం తీసుకుని బావ దగ్గరికి వెళ్లాను. ఆయన తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, తూర్పు తిరిగి కూర్చుని మరీ ఉమ్మాడు. "అవ్వ రక్తం నాలో కాక ఇంగెవరిలో ఉంటాది?" అన్నాడు. నిజమే కదా అనుకుంటూ మూత బిగించాను.

నెల రోజులు రోజుకి పదిసార్లు ఫోన్ చూసుకున్నాను. ఫలితం వచ్చింది. ఆడవాళ్ల వరస ఒక్కోదానికి అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక గుర్తు ఇస్తారు. చిన్నమ్మది ఒక గుర్తు, బావది ఇంకో గుర్తు. దగ్గరి పోలిక కూడా లేదు.

చిన్నమ్మకి నేనే చెప్పాను. "సరేలే పాపా" అని వక్కాకు నోట్లో వేసుకుని, "టీ పెట్టేదా?" అని లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ టీ రాలేదు. నా తల తీసేసినట్టయింది.

బావ ఆ ఫలితాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బెంగళూరులో ఉండే దూరపు బంధువు ఒకాయన మా వంశవృక్షాన్ని ఇంటర్నెట్లో నడుపుతుంటాడు. ఆయన అదే పూట అవ్వ పేరు కింద బావ గుర్తు ఎక్కించి, చిన్నమ్మ పేరు పక్కన 'పెంపుడు' అని రాసేశాడు. అవ్వ పోయేదాకా దాచుకున్న సంగతిని ఒక్క వేలితో తేల్చేశాడు మహానుభావుడు.

రెండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆ పెట్టెలో కాగితాన్ని చింపి పారేద్దామని తీశాను. చింపే ముందు దాని మీది బొమ్మ మీద కన్ను పడింది. పైన తల్లి. తల్లి నుంచి ఒక బాణం కూతురికి, ఒక బాణం కొడుక్కి. కూతురి నుంచి మళ్లీ బాణాలు కిందికి పోతున్నాయి. కొడుకు కింద మాత్రం ఖాళీ. ఆ ఖాళీ వైపు గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. అవ్వ గుర్తు మామకి వచ్చింది. మామతోనే ఆగిపోయింది. మరి బావకి ఎవరిది వచ్చింది? వాళ్లమ్మది! మా పెద్దత్తది! పెద్దత్త పుట్టింది ఆదోనిలో. అంటే చిన్నమ్మని మేము అవ్వతో పోల్చనే లేదు, ఆదోని ఆడవాళ్లతో పోల్చి కాదనేశాం.

కొట్లోనే పెద్దగా అరిచాను. చింతపండు బేరమాడుతున్నాయన బెదిరి వెనక్కి జరిగాడు. అవ్వ వరస ఎవరిలో ఉందంటే, కూతురి కూతుర్నైన నాలో ఉంది! గొట్టం చేతిలో పట్టుకుని ఊరంతా తిరిగింది నేను, ఉమ్మింది మాత్రం బావ. మేనమామ ఇల్లు మేనమామ ఇల్లు అని పెరిగినదాన్ని కదా, నా నోట్లో ఉన్నది నాకు తోచలేదు. నా మీద నాకే నవ్వు, చిన్నమ్మ ముఖం గుర్తొచ్చి మళ్లీ ఏడుపు.

మా ఆయన్ని అడగకుండానే ఇంకో పెట్టెకి ఆర్డర్ పెట్టాను. వెంటనే బెంగళూరాయనకి ఫోన్ చేశాను.

"అవ్వ పేరు కింద రాసింది తప్పు, తీసెయ్ అప్పా" అన్నాను.

"తీసేయాలంటే సరైన ఆధారం కావాలమ్మా" అన్నాడాయన.

"పెట్టేటప్పుడు ఏ ఆధారం అడిగితివి?"

"గ్రూపులో వచ్చింది కదా."

నాకు తిట్లు చాలానే వచ్చు. ఆ రోజు అన్నీ వాడేశాను. చివరికి ఆయన తీయలేదు గానీ, పక్కన 'వివాదంలో ఉంది' అని ఒక ముక్క చేర్చాడు.

నా ఫలితం పసుపు దంచడానికి మూడు రోజుల ముందు వచ్చింది. చిన్నమ్మ గుర్తూ నా గుర్తూ ఒకటే! ఒక్క అక్షరం తేడా లేదు, ఒక్క అంకె తేడా లేదు. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు, ఆటో ఎక్కి సత్యనారాయణపేటలో దిగాను. గేటు దగ్గర నుంచే "చిన్నమ్మా! నువ్వూ అమ్మా ఒకే కడుపున పుట్టినారు!" అని కేకలు. చిన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుని "హౌదా? హౌదా?" అని కన్నడంలో, "నిజమా?" అని తెలుగులో అడుగుతూనే ఉంది. చిన్నాయన వీధిలో పోయేవాళ్లని పిలిచి మరీ చెప్పాడు. ఆ సంతోషాన్ని నేను ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

పసుపు దంచే రోజు పొద్దున చిన్నమ్మ తన పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. హాల్లో ముగ్గు వేసి రోలు పెట్టారు. ఆడవాళ్లంతా గుమిగూడారు. నేను జిరాక్స్ షాపులో తీయించిన కాగితాన్ని అందరి ముందూ బావ చేతికిచ్చాను. అందరి ముందే ఇవ్వాలన్నది నా సరదా, కాదనను.

బావ నెమ్మదిగా చదివాడు. ఈ నెల రోజుల్లో ఆయన కూడా బాగానే చదువుకున్నట్టున్నాడు. "నాది పంపింది తప్పే, ఒప్పుకుంటా" అన్నాడు. "కానీ అవ్వా, సండూరు అవ్వా ఒక తల్లి బిడ్డలే కదా? సండూరు అవ్వ కూతురైనా ఇదే గుర్తు వస్తాది కదా పాపా?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ కాగితం ఆడవాళ్ల వరస ఒకటేనని చెప్పింది, కన్నది ఎవరో చెప్పలేదు. ఒకే కడుపని గేటు దగ్గర నుంచి అరిచింది కాగితం కాదు, నేను. చిన్నమ్మ పట్టుచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, పాత అలవాటు కొద్దీ మిగతా ముత్తైదువల వైపు నడిచింది. భూమి చీలితే లోపలికి దూరేదాన్ని.

అప్పుడు గోడ వారగా కుర్చీలో కూర్చున్న పెద్దత్త చేతికర్రతో నేల మీద కొట్టింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, మామ పోయినప్పటి నుంచి ఇలాంటి పనుల్లో ముందుకి రాదు.

"ఒరే, నీకు పాలు తాపింది ఎవరు?" అని బావని అడిగింది.

"నువ్వే కదమ్మా" అన్నాడు బావ, ఏమీ అర్థం కాక.

"నాకు పాలు పడలేదు. మీ అవ్వే తాపింది. సండూరు నుంచి వచ్చినప్పుడు ఆయమ్మ రవిక తడిసిపోతాండె. ఒక పక్క దాన్ని, ఒక పక్క నిన్ను ఏసుకుని తాపుతాండె. కనకుండా పాలు యాడనుంచి వస్తాయప్పా?"

పెద్దత్త ఆపలేదు. "నిన్ను నేను మోస్తాంటే దాన్ని మా అత్త మోస్తాండె. అత్తా కోడలూ ఒకేసారి కడుపుతో ఉంటే బజారు నవ్వదా? అందుకే సండూరు పోయె. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకునె. పోయేముందన్నా ఆ ఒట్టు తీసేస్తాదేమో అని చూస్తి, తీయలేదు. ఇంగ నావల్ల కాదు."

చిన్నమ్మ అక్కడే నిలబడి "వదినా, ఇన్నేండ్లు..." అంది. "తప్పాయెనమ్మా" అంది పెద్దత్త. ఆధారాల కోసం అంత గొడవపడ్డ నేను, ఆ మాటకి ఆధారం అడగలేదు. బావా అడగలేదు. ఆయన వంగి రోకలి తీసి, రెండు చేతులతో చిన్నమ్మ ముందు పట్టుకుని, "రా అత్తా" అన్నాడు. చిన్నమ్మని ఆయన వరస పెట్టి పిలవడం నేను అంతకుముందు వినలేదు.

చిన్నమ్మ రోకలి ఎత్తి పెళ్లికూతురి కోసం ఒక పోటు వేసింది. ఆ తర్వాత రోకలి పక్కవాళ్లకి ఇవ్వాలి. ఇవ్వలేదు. "ఇది నీ పెండ్లిది అప్పా" అని బావ వైపు చూసి ఇంకో పోటు వేసింది. "ఇది నీ పెద్ద చెల్లెలిది." మూడో పోటు. "ఇది చిన్న చెల్లెలిది. ఇది నీ పెద్దకూతురిది." కొమ్ములు పగిలి పసుపు ఆమె పట్టుచీర మీదికి ఎగిరింది. ఎవరో "సాకు, సాకమ్మా, ఇంగ చాలు, చేతులు నొస్తాయి" అన్నారు. "దంచనీ" అన్నాడు బావ.

"ఇంగొకటి ఉండాది" అంది చిన్నమ్మ, ఊపిరి ఎగబీలుస్తూ. "అక్క పెండ్లిది. అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా దంచుతా."

మా అమ్మ పెళ్లి కోసం ఆమె వేసిన ఆ పోటుకి నేను చిన్నపిల్లలా ఏడ్చేశాను. చిన్నమ్మ చెమట తుడుచుకుని, రోకలి పక్కావిడకి అందించి, వక్కాకు ఎక్కడ పెట్టావని నన్ను అడిగింది.