కార్తీక మాసంలో నా రెండు పెగ్గులు

నిరుడు కార్తీక మాసం మొదలైన రోజు నుంచి నేను ఒక్క సాయంత్రం కూడా వదలకుండా తాగాను. మామూలు నెలల్లో వారానికి నాలుగైదు రోజులే. కార్తీకంలో మాత్రం ఏడు రోజులూ. సోమవారాలు మరీ పట్టుదలగా, బందరులో మా ఇంటి వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని, నలుగురికీ కనిపించేలా తాగాను. ఎదురింటి మెట్ల మీద దీపాలు వెలుగుతుంటాయి. మా అరుగు మీద గ్లాసు ఉంటుంది. నలభై ఐదేళ్ళుగా ఇదే ఆనవాయితీ. ఆనవాయితీలంటే గిట్టని మనిషి ఇలా రాసుకోవలసి రావడం సిగ్గుచేటే, కానీ నిజం.

నేను లెక్కల మాస్టారిని. రిటైరై పన్నెండేళ్ళయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుడివాడలో కొందరం కుర్రాళ్ళం ఒక మిత్రుడి మేడ మీద నెలకోసారి కూర్చుని వాదించుకునేవాళ్ళం. దేవుడు, కులం, జాతకాలు, కట్నాలు, దేన్నీ వదిలేవాళ్ళం కాదు. మా చర్చకి ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటని ఖండించే ముందు ఆ మాటని మన నోటితో, అతనికి నచ్చేంత బాగా చెప్పాలి. అతను “అవును, నేనన్నదీ అదే” అనాలి. అప్పుడుగానీ మనకి ఖండించే హక్కు రాదు. ఈ నియమం వల్ల సగం తగాదాలు మొదలవకుండానే ఆగిపోయేవి. మిగతా సగం పొద్దుపోయేదాకా సాగేవి.

ఆ రోజుల్లో గ్రహణం వస్తే మాకు పండగ. ఊరంతా తలుపులు వేసుకుని ఉపవాసం ఉంటే మేము నడిబజారులో బల్ల వేసి ఇడ్లీలు తినేవాళ్ళం. గర్భిణిగా ఉన్న నా భార్య కూడా వచ్చి కత్తిపీటతో కూరగాయలు తరిగి చూపించింది. బిడ్డ నిక్షేపంగా పుట్టింది. ఆ వరసలోనే, కార్తీకంలో అందరూ మందు మానేస్తారు కాబట్టి మేము తాగి చూపించాలని ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, నేనే అన్నాను. అప్పటిదాకా నాకు తాగుడు పెద్దగా అలవాటు లేదు. దేవుడి మీద పంతంతో మొదలుపెట్టి, తర్వాత రుచి మరిగాను.

నా తప్పంతా ఇక్కడే ఉంది. గ్రహణం నాటి ఇడ్లీనీ, కార్తీకం నాటి బ్రాందీనీ ఒకే బల్ల మీద పెట్టాను. గ్రహణానికీ ఇడ్లీకీ సంబంధం లేదు కాబట్టి ఇడ్లీ నన్నేమీ చెయ్యలేదు. బ్రాందీకి మాత్రం నా ఒంటితో సంబంధం ఉంది. అది కార్తీకంలోనూ ఉంటుంది, శ్రావణంలోనూ ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి నేను దివిసీమ వెళ్ళి రేవు మెట్ల మీద పడాల్సి వచ్చింది.

మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, నాగాయలంక దగ్గర వ్యవసాయం చేస్తాడు. నిరుడు కార్తీకంలో ఒక ఆదివారం మినుములు చల్లిస్తున్నాడని చూడటానికి వెళ్ళాను. అతను నాకంటే ఎక్కువ తాగుతాడు, కానీ కార్తీకంలో చుక్క ముట్టడు. ఆ నెలలో గ్లాసు ఇంట్లో పెడితే అతని భార్య ఊరుకోదు. అందుకని నేను గ్లాసుతో కాలవ రేవు మెట్ల మీద కూర్చున్నాను. పక్కన వేయించిన బఠాణీల పొట్లం. అతను ఒక మెట్టు పైన సోడా తాగుతూ కూర్చున్నాడు. ఇంకా వెలుతురుంది.

“ఎందుకు బావా, ఈ ఒక్క నెలన్నా ఆపొచ్చుగా,” అన్నాడు. “నన్ను చూడు. పాడ్యమి నుంచి ముట్టుకోలా. నెల ఆపితే లివరు కడిగేసినట్టయిపోద్దంట.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ అంటారు.”

“మరి మిగతా పదకొండు నెలలూ?”

“మిగతా పదకొండు నెలలూ మనం మనుషులం కదా బావా.”

నాకు నవ్వొచ్చింది. నెల రోజులు కడిగి పదకొండు నెలలు మురికి చేసే లివరు గురించి ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. కూర్చుని చెబితే నాకు ఊపు రాదు. లేచి నిలబడ్డాను. కళ్ళ ముందు కాలవ ఒక్కసారి తెల్లబడింది. తర్వాత గుర్తున్నది మెట్టు అంచు. మూడు మెట్లు జారి, తల నీళ్ళకి జానెడు దూరంలో ఆగింది. కనుబొమ మీద నుంచి రక్తం కంట్లోకి కారుతోంది.

బావమరిదికి అరవై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. ఆ మోకాళ్ళతోనే దిగి నా చంకల కింద చేతులు వేసి లాగాడు.

“బావా, బావా! మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడవయ్యా. పోనీ దేవుడు లేడనన్నా చెప్పు!”

“లేడు,” అన్నాను.

“హమ్మయ్య, బతికే ఉన్నాడు!” అని అతను ఇంటివైపు కేకేశాడు.

కుట్లు అక్కడే వేయించి, మర్నాడు పొద్దున్నే కార్లో గుడివాడ తీసుకెళ్ళాడు. పామర్రులో టీ తాగడానికి ఆగినప్పుడు, “రాత్రంతా నాకు నిద్ర పట్టలా బావా,” అన్నాడు. టీ డబ్బులు నేనిచ్చాను. నా భార్య బందరు నుంచి బస్సులో వచ్చి ఆసుపత్రి వరండాలో మా కోసం కూర్చుని ఉంది. నన్నూ, కట్టునీ ఎగాదిగా చూసింది.

“మీరు పడింది దేవుడి మీద కాదండీ, మెట్టు మీద,” అంది.

అక్కడి డాక్టరు మా మేడ మీద చర్చల మిత్రుడి కూతురు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. తండ్రి మాత్రం చర్చి మానేసి మాతో కూర్చుని దేవుడు లేడని వాదించేవాడు. కూతురు మళ్ళీ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది. చిన్నప్పుడు ఆ మేడ మెట్ల మీద కూర్చుని మా అరుపులన్నీ వింటూ పెరిగింది. నన్ను బాబాయ్ అంటుంది.

నన్ను పడుకోబెట్టి బీపీ చూసింది. నిలబెట్టి మళ్ళీ చూసింది. రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి నా చేతికిచ్చింది. నిలబడగానే ఎంత పడిపోయిందో చూడటానికి డాక్టరీ చదవనక్కర్లేదు.

“ఇది చుక్క తాగకుండా, పొద్దున పూట. దీని మీద మీ బీపీ బిళ్ళ, ఆ పైన రెండు పెగ్గులు వేసుకుని గబుక్కున లేచారు. రోజుకి రెండేనా బాబాయ్?”

“రెండే.”

“ఎవరు కొలుస్తారు?”

“నేనే. కంటితో.”

“లెక్కల మాస్టారు కొలవకుండా పోసుకున్నారన్నమాట.”

నా భార్య కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నాకు కోపం వచ్చింది. కొద్దిగా తాగితే గుండెకి మంచిదని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు కదా అన్నాను. మా మేనమామ రోజూ తాగి ఎనభై తొమ్మిదేళ్ళు బతికాడన్నాను. ఎవడో పూజారి వద్దంటే మానను, డాక్టరు వద్దన్నా అంత తేలిగ్గా మాననన్నాను.

ఆమె ఈ వయసులో మందు ఒంట్లో ఏం చేస్తుందో ఒక్కొక్కటే చెప్పి, పెన్ను కింద పెట్టింది. “సరే. ఖండించండి. కానీ ముందు నా వాదన మీ నోటితో చెప్పండి. మా నాన్న మేడ మీద రూలు అదేగా?”

పట్టుబడ్డాను. నియమం నియమమే. చెప్పడం మొదలుపెట్టాను.

వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది. నలభైలో తాగిన గ్లాసే డెబ్బైలో తాగినా రక్తంలో అది చిక్కగా తేలుతుంది. లివరు నిదానిస్తుంది, కాబట్టి ఎక్కువసేపు ఉంటుంది. నిలకడ ముందే తగ్గి ఉంటుంది, ఎముక ముందే పలచబడి ఉంటుంది. వేసుకునే మాత్రలతో మందు కలిసి ఏం చేస్తుందో మాత్ర రాసిన డాక్టరుకి తెలియాలంటే రోగి నిజం చెప్పాలి, రోగి చెప్పడు. నిద్ర పడుతుందని తాగుతాడు, తెల్లవారుజామునే మెలకువ వచ్చేది కూడా దానివల్లే. క్యాన్సరు సంగతి సరేసరి. తగ్గించినకొద్దీ ప్రమాదం తగ్గుతుంది తప్ప, ఇంత తాగితే పూర్తిగా క్షేమం అని గీత గీసి చూపించగలిగినవాడు లేడు.

చెబుతుంటే నా గొంతు పెరిగింది. మంచి వాదన ఎవరిదైనా సరే, నోట్లో పడితే నేను ఆగలేను. ఇక గుండెకి మంచిదనే మాట సంగతి. తాగనివాళ్ళకంటే కొద్దిగా తాగేవాళ్ళు ఆరోగ్యంగా కనిపించారంటారు. ఆ తాగనివాళ్ళలో ఎవరున్నారు? జబ్బు చేసి మానేసినవాళ్ళు కూడా అందులోనే ఉంటే ఆ గుంపు నీరసంగా కనిపించదా? జాతకాలు నిజమవుతాయనేవాళ్ళ మీద ఇలాంటి లోపమే ఎన్నేళ్ళు ఎత్తిచూపానో. నా గ్లాసు మీద మాత్రం ఒక్కనాడూ ఎత్తిచూపలేదు. ఇక మా మేనమామ. ఒక్క మేనమామ సాక్ష్యం కాడు. ఆయనతో పాటు తాగినవాళ్ళు ఎనభై తొమ్మిది దాకా లేరు కాబట్టే మనం ఆయన పేరు చెప్పుకుంటున్నాం.

వరండాలో రోగులు తలుపు దగ్గరికి వచ్చి వింటున్నారు. “అవును బాబాయ్, నేనన్నదీ అదే,” అంది ఆమె. “నేను ఇంత బాగా చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు ఖండించండి.”

చివరికి నోట్లోంచి వచ్చింది ఇది: “మానేస్తానమ్మాయ్. కానీ ఈ నెల కాదు. ఇది కార్తీకం. ఇప్పుడు మానేస్తే బందరంతా నేను దేవుడికి లొంగానంటారు. నెల దాటనీ.”

ఆమె మళ్ళీ పెన్ను అందుకుంది. “మా నర్సు శివుడి కోసం ఈ నెల ఉల్లిపాయ మానేసింది. మీరు శివుడి కోసం మందు తాగుతున్నారు. ఇద్దరి క్యాలెండరూ ఒకటే కదా బాబాయ్. ఆయనకి జడిసి తాగుతున్నారా?”

నాస్తికుణ్ణి అంతకన్నా ఘోరంగా ఎవరూ అవమానించలేరు. చర్చికి వెళ్ళే పిల్ల, నేను బిగించిన నియమంతోనే నన్ను కట్టేసింది.

ఆ రోజు సోమవారం. సాయంత్రం బందరులో మా అరుగు మీద కుర్చీ ఉంది, నేనున్నాను, నుదుటికి కట్టుంది, గ్లాసు లేదు. ఎదురింటాయన దీపాలు పెట్టి, చేతులు తుడుచుకుంటూ మా గేటు దాకా వచ్చాడు.

“ఏంటి మాస్టారూ, బల్ల ఖాళీగా ఉంది?”

“మానేశానండీ.”

“ఆఖరికి స్వామి పిలిచాడన్నమాట!”

“స్వామి కాదండీ, మెట్టు పిలిచింది. తర్వాత డాక్టరు కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించింది. కావాలంటే తెస్తాను, చూడండి.”

“ఆ మెట్టు మీద పడేసిందెవరంటారు?” అని కళ్ళెగరేసి వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి వీధిలో ప్రతివాడూ నన్ను చూసి మర్మంగా నవ్వడం మొదలుపెట్టాడు. ఒకావిడ ప్రసాదం కూడా పంపింది. నా భార్య తిన్నది.

ఒక మాట స్పష్టంగా చెబుతాను. తాగడం పాపమని నేను అప్పుడనలేదు, ఇప్పుడూ అనను. పాపం లేదు, పుణ్యం లేదు, ఉన్నది ప్రమాదం. ప్రమాదాన్ని తూచి చూసుకుని, తెలిసి తాగే మనిషిని ఆపే హక్కు ఏ పూజారికీ, పాస్టరుకీ లేదు. కానీ నేను తూచలేదు. నలభై ఐదేళ్ళు కంటితో పోసుకుని, తిథి చూసి తాగాను. పోగొట్టుకున్నదాన్ని తక్కువ చేసి కూడా చెప్పను. ఎండ తగ్గి సముద్రపు గాలి వీధిలోకి వచ్చే ఆ గంట, మొదటి గుక్క, ఒళ్ళు వదులయ్యే ఆ సుఖం నాకు ఇష్టం. అది పోయింది. దాని బదులు మజ్జిగ తాగమన్న వాళ్ళందరినీ కసురుకున్నాను. మజ్జిగ మజ్జిగే.

నెల చివర పోలి పాడ్యమి వచ్చింది. ఆడవాళ్ళు తెల్లారకుండానే అరటిదొప్పల్లో దీపాలు వదిలి వచ్చారు. అక్కడితో కార్తీకం సరి, నెలరోజుల నిష్ఠ సరి. ఆ సాయంత్రం దివిసీమ నుంచి బావమరిది సంచితో దిగాడు. బాటిల్ తీసి అరుగు మీద బల్లపై పెట్టాడు. ఎదురింటాయన పనేమీ లేకపోయినా గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నాకు అర్థమైంది. నేను మానింది దేవుడి కోసమో కాదో ఈ సాయంత్రం తేలిపోవాలని వీధి కాసుకుని ఉంది.

“నెలైపోయింది బావా. గ్లాసులు తెప్పించు.”

“తెప్పిస్తాను. ముందు నేనెందుకు మానేశానో నువ్వు చెప్పు. నాకు నచ్చేలా చెప్పాలి.”

“ఇదేం తిరకాసు?”

“గుడివాడ మేడ మీద రూలు. చెప్పు.”

గడ్డం గోక్కున్నాడు. “వయసైపోతే ఒంట్లో నీళ్ళు తగ్గుతాయన్నావ్. లివరు నిదానంగా పని చేస్తదన్నావ్. బీపీ బిళ్ళ మీద తాగి లేస్తే కళ్ళు తిరుగుతాయి. నువ్వు నీళ్ళలో పడితే...” ఆగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. “ఈసారి నేను లాగలేను బావా. నాకూ అరవై రెండు. నాకూ బీపీ బిళ్ళే.”

“అవును,” అన్నాను. “నేనన్నదీ అదే. ఇప్పుడు ఖండించు.”

అతను బాటిల్ వైపు చూశాడు, నా నుదుటి మీద మచ్చ వైపు చూశాడు. ఎదురింటాయన గేటు దగ్గర నుంచి కదల్లేదు. చివరికి బావమరిది బాటిల్ మెడ పట్టుకుని సంచిలో పెట్టాడు.

“ఈ పూటకి మాత్రమే,” అన్నాడు గట్టిగా. “రేపు ఆలోచించుకుని వచ్చి ఖండిస్తా.”

“రా. కుర్చీ వేసే ఉంచుతాను,” అన్నాను.